చిన్న బడికి పెద్ద కొలబద్ద

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వక్తే తిరిగి రాసి ఇచ్చారు.)



డీఏ బకాయిల గురించీ, హెల్తు కార్డుల గురించీ నాకు ముందు మాట్లాడినవారు చెప్పేశారు. భోజనాలకు ఇంకా ముప్పావుగంట టైముందని కార్యదర్శిగారు చీటీ పంపారు. ఆ ముప్పావుగంటలో పల్లెల్లో ఉన్న చిన్న బళ్ళ గురించీ, ఏటేటా వాటి మీద జరిగే సమీక్షల గురించీ, అది విని తల్లిదండ్రులు పడే బెంగ గురించీ మాట్లాడతాను. పెన్షనర్లకు ఒకటో తరగతి గొడవ ఎందుకయ్యా అని కొందరికి అనిపించవచ్చు. పొద్దున ఎనిమిదిన్నరకు వీధిలోకి వెళ్ళి చూడండి. చిన్నపిల్లల్ని బడికి నడిపించుకుపోయేది ఎవరు? తల్లీ తండ్రీ పనికి పోతారు. మిగిలేది తాతా, అవ్వా. బడి ఒక కిలోమీటరు అవతలికి జరిగితే ముందు నొప్పి పుట్టేది మన మోకాళ్ళకే.

నేను పంతుల్ని కాను. ఒక్కరోజు కూడా సుద్దముక్క పట్టినవాణ్ణి కాను. 1974లో విద్యాశాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2009లో సూపరింటెండెంటుగా దిగిపోయాను. బళ్ళు నాకు తెలిసింది ఫైళ్ళలోంచే. సమితుల కాలంలో ఒక బడి కావాలని ఊరివాళ్ళు అర్జీ పెడితే, అది ఎన్ని బల్లలు దాటి వచ్చేదో, ఎక్కడ ఆగేదో, ఏ ముక్క రాస్తే కదిలేదో మాకు తెలుసు. బడి పెట్టడానికి ఎన్ని కాగితాలో, తీసేయడానికీ దాదాపు అన్నే కాగితాలు. అయితే పెట్టడానికి ఏళ్ళు పట్టేది. తీసేయడానికి ఒక వేసవి సెలవు చాలు.

ఈ మధ్య జరిగింది ఒకసారి గుర్తు చేస్తాను. 2020లో కేంద్రం కొత్త జాతీయ విద్యా విధానం తెచ్చింది. పూర్వ ప్రాథమిక చదువునూ, ఒకటి రెండు తరగతులనూ కలిపి ఒక మెట్టు, మూడు నుంచి అయిదు వరకు ఇంకో మెట్టు అన్నారు. మన రాష్ట్రంలో దాన్ని ఆధారం చేసుకుని 2021లో హైస్కూలుకు 250 మీటర్ల లోపు ఉన్న ప్రాథమిక బళ్ళ నుంచి మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూల్లో కలిపారు. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. దూరం కిలోమీటరైంది. బళ్ళు ఆరు రకాలయ్యాయి. శాటిలైట్ ఫౌండేషన్ బడి, ఫౌండేషన్ బడి, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూలు, హైస్కూలు, హైస్కూల్ ప్లస్. ఈ పేర్లు నాకే నోరు తిరగవు. మా ఊళ్ళో ఆడవాళ్ళు వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు పెట్టుకున్నారు, 'బడి ఎత్తేసేది' అని. ఆఫీసులో దాని పేరు హేతుబద్ధీకరణ.

2022 జూలై 5న బళ్ళు తెరిచేసరికి చాలా ఊళ్ళలో పిల్లలు పాత బడికే వచ్చారు. వాళ్ళ పేర్లు మాత్రం పక్క హైస్కూలు రిజిస్టర్లో ఉన్నాయి. తల్లిదండ్రులు గేట్ల ముందు కూర్చున్నారు, రోడ్ల మీదికొచ్చారు. ఆ తరువాత ప్రభుత్వం మారింది. 2025లో జీవో 117ను రద్దు చేసి కొత్త ఉత్తర్వులిచ్చారు. ఆరు రకాలు పోయి తొమ్మిది రకాలొచ్చాయి. తరగతికి ఒక టీచరుతో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెడతామన్నారు. తరగతికి ఒక టీచరు అనేది మంచి మాటే. ఎవరూ కాదనరు. కానీ ఆదర్శ బడి నిండటానికి పక్క పల్లె పిల్లల్ని తెచ్చి కలిపిన చోట మళ్ళీ అదే బెంగ మొదలైంది. కాబట్టి ఇది ఒక ప్రభుత్వం తప్పు, ఇంకో ప్రభుత్వం ఒప్పు అని తేల్చే ప్రసంగం కాదు. మన సంఘంలో అన్ని రంగుల కండువాలవాళ్ళూ ఉన్నారు, భోజనాల ముందు ఆ గొడవ వద్దు.

2022లో మా మండలంలో ఒక పల్లెకు వెళ్ళాను. పేరు చెప్పను. నలభై గడపల ఊరు, బడిలో ఇరవై ముగ్గురు పిల్లలు. ఊరికీ హైస్కూలుకూ మధ్య నాలుగు లైన్ల రోడ్డు. నేను విద్యాశాఖలో పనిచేశానని ఎవరో చెబితే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. రిటైరై పదమూడేళ్ళయిందమ్మా అన్నా వినలేదు. ఒకామె, టమోటా తోటల్లో కూలికి పోయే మనిషి, అడిగింది: "సార్, పెద్దది మూడో తరగతి, చిన్నోడు ఒకటి. పెద్దదాన్ని రోడ్డుకు అవతల బడికి పొమ్మంటారు, చిన్నోన్ని ఈడే ఉండమంటారు. పొద్దున ఏడింటికి మేస్త్రీ ఆటో వస్తాది. ఈ ఇద్దరినీ ఎవురు తోడుకోనిపోయేది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. ఇప్పటిదాకా ఏం జరిగేదంటే, పెద్దపిల్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, తీసుకొచ్చేది. ఆ బడికి అదే రవాణా సౌకర్యం. ఆ రవాణా సౌకర్యం ఏ ప్రొఫార్మాలోనూ కనబడదు. పిల్లను రోడ్డు దాటించడం కోసం తల్లి ఒక గంట ఆగితే ఆ రోజు కూలి పోతుంది. పది రోజులు చూసి ఏం చేస్తుంది? చిన్నోణ్ణి చూసుకోవడానికి పెద్దదాన్ని ఇంటి దగ్గర ఉంచుతుంది. లేదా అప్పు చేసి ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తుంది. ఆ వ్యాను ఊళ్ళోకి వస్తుంది, సర్కారు బడి ఊళ్ళోంచి పోతుంది. మరుసటేడు ఆ బడిలో పిల్లలు ఇంకా తగ్గుతారు. తగ్గారు కనుక సమీక్ష చేస్తారు.

ఇంకో తల్లి అడిగింది వేరే. తన బిడ్డకు ఎనిమిదేళ్ళు. హైస్కూల్లో పదో తరగతి మగపిల్లలు వాడే మరుగుదొడ్డి దగ్గరికి పోవడానికి భయపడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడం మానేసిందట. ఒక తండ్రి, ఆటో డ్రైవరు, అన్నది: "ఈడ అయ్యవారికి నా కొడుకు పేరు తెలుసు, వాడికి ఎడమచేతి వాటమని తెలుసు. ఆడ యాభైమందిలో వాణ్ణి ఎవురు చూస్తారు సార్?" ఇవన్నీ చిన్న విషయాలని పెద్ద ఆఫీసులో అనిపించవచ్చు. మూడో తరగతి పిల్లకు మాత్రం బడి అంటే ఇవే.

ఇంతవరకూ దూరం గురించి. అసలు నేను చెప్పదలచింది ఇంకో సంగతి, దాన్ని ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. చిన్న బడి అంటే పెద్ద బడికి లోపించిన రూపం అని మన శాఖలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అయిదు తరగతులు, ఒకరో ఇద్దరో టీచర్లు, ఒకే గది. ఇది లోపమే, దీన్ని సరిచేయాలి, సరిచేయడమంటే కలిపేయడమే అని లెక్క. కానీ అయిదు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చోవడాన్నే ఒక పద్ధతిగా మలిచినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. ఎక్కడో అమెరికాలో కాదు, మన మదనపల్లె దగ్గరే.

రిషివ్యాలీ అనగానే డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే ఇంగ్లీషు బోర్డింగు స్కూలే గుర్తొస్తుంది. జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించింది అదే. ఆయన పుట్టింది 1895లో, మదనపల్లెలోనే. కానీ ఆ లోయ చుట్టూ ఉన్న పల్లెల్లో వాళ్ళు చిన్న చిన్న బళ్ళు నడిపారు. 1980ల నుంచి ఆ పని జరుగుతూ వచ్చింది. పద్మనాభరావుగారు, రమగారు అనే దంపతులు దానికి ఒక రూపం ఇచ్చారు. అదే ఊళ్ళో చదువుకున్న కుర్రవాణ్ణో అమ్మాయినో తీసుకుని టీచరుగా తయారుచేయడం, పాఠ్యపుస్తకాన్ని విడదీసి వందల కార్డులుగా మార్చడం, వాటిని ఒక నిచ్చెనగా అమర్చడం. దానికి 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అని పేరొచ్చింది. బడి మొత్తం ఒక పెట్టెలో అన్నమాట.

ఆ బడి నడిచే తీరు చెబుతాను. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. పిల్లవాడు నిచ్చెన పటం దగ్గరికి పోయి తాను ఎక్కడున్నాడో చూసుకుంటాడు, ఆ గుర్తున్న కార్డు తీసుకుంటాడు, ఆ గుర్తు చెప్పిన గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపు దగ్గర టీచరు పూర్తిగా ఉంటారు. ఇంకో గుంపును మధ్యమధ్య చూసుకుంటారు. ఒక గుంపులో పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెబుతారు. ఒక గుంపులో ఎవరి పని వారిదే. పరీక్ష కూడా ఒక కార్డే. అది వస్తే రాస్తారు, రాకపోతే కొన్ని కార్డులు మళ్ళీ చేసి అప్పుడు రాస్తారు. తప్పడం అనేది లేదు. మూడో తరగతి పిల్లవాడు లెక్కల్లో నాలుగో మెట్టులోనూ, తెలుగులో రెండో మెట్టులోనూ ఉండవచ్చు. ఎవరూ ఎగతాళి చేయరు, ఎందుకంటే పక్కవాడు ఇంకెక్కడో ఉంటాడు.

మన రైతు కుటుంబాలకు దీంట్లో ఉన్న సుఖం చూడండి. శెనక్కాయలు పీకే రోజుల్లో పిల్లవాడు రెండు వారాలు బడికి రాడు. అది మంచిదని నేననడం లేదు, కానీ జరుగుతుంది. మామూలు బడిలో వాడు తిరిగొచ్చేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది. వెనకబెంచీలో కూర్చుంటాడు, అర్థం కాదు, నెలకో రెండు నెలలకో మానేస్తాడు. కార్డుల బడిలో తాను వదిలిన మెట్టు దగ్గరే మళ్ళీ ఎక్కుతాడు. టీచరు ఒక్కరే కావడం, తరగతులు కలిసి ఉండడం అక్కడ లోపం కాదు. ఆ పద్ధతికి అవే పునాది.

ఇది ఒక ఆశ్రమంలో జరిగే ముచ్చటే అనుకోవద్దు. తమిళనాడు ప్రభుత్వం వాళ్ళు ఇక్కడికొచ్చి చూసిపోయారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్ళలో మొదలుపెట్టి, 2007 నుంచి రాష్ట్రమంతటా సర్కారు ప్రాథమిక బళ్ళలో కార్డుల పద్ధతి పెట్టారు. మన ఉమ్మడి రాష్ట్రంలో కూడా స్నేహబాల కార్డులని పంపిణీ చేశారు. మన కుప్పం మీదుగా తమిళనాడు సరిహద్దు ఎంత దూరం? మన పెరట్లో పుట్టిన విత్తనం వాళ్ళ పొలంలో ముందు మొలిచింది.

మరి మన దగ్గర ఏమైంది? దానికి కొంత జవాబు స్టాకు రిజిస్టర్లో ఉంది. 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డు అని కేంద్ర పథకం వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక పెట్టె నిండా బోధన సామగ్రి. పెట్టెలో గ్లోబు, పటాలు, ఆటవస్తువులు, ఇంకా ఏవేవో. ఆ పెట్టెకు తాళం, తాళం హెడ్మాస్టరుగారి దగ్గర. వస్తువు విరిగితే రికవరీ పడుతుందని భయం. ఆడిట్ పార్టీ వచ్చినప్పుడు పెట్టె తెరిచేవారు, అన్నీ కొత్తగా మెరుస్తూ ఉండేవి. ఆడిటర్ సంతోషించేవారు. పిల్లలు చెయ్యి వేయని బడికి ఆడిట్ అభ్యంతరం లేదు!

తరువాత ఇంగ్లండు వారి సాయంతో ఏపీపెప్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. పాతికేళ్ళ సర్వీసున్న టీచర్లు కూడా నేల మీద కూర్చుని రంగు కాగితాలు కత్తిరించారు. చాలామంది నవ్వారు, కొంతమంది నిజంగా మారారు. 1996లో మొదటగా విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో డీపెప్ వచ్చింది, తరువాత మరికొన్ని జిల్లాలకూ పాకింది. గిరిజన గూడేల్లో 'మాబడి' పేరుతో ఊరివాళ్ళే గుడిసె వేసుకుని, తమలో చదువుకున్న ఒకరిని టీచరుగా పెట్టుకున్న బళ్ళు నడిచాయి. సర్వశిక్షా అభియాన్‌లో అసలు 'ప్రత్యామ్నాయ పాఠశాల' అనే పేరుతోనే ఒక పద్దు ఉండేది. బడి లేని చోట విద్యా వాలంటీరును పెట్టి, పది ఇరవైమంది పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పించేవారు. గౌరవ వేతనం అంతంతమాత్రం, అదీ నెలనెలా రాదు. ఆ బిల్లుల కోసం మా ఆఫీసు వరండాలో నిలబడిన పిల్లల ముఖాలు నాకిప్పటికీ గుర్తు. పిల్లలే అంటాను, ఇరవై ఏళ్ళ వాళ్ళు.

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. మంచి చట్టం. ఆ చట్టం ప్రకారం అర్హత లేని టీచరు, గుర్తింపు లేని కేంద్రం ఉండరాదు. అందుకని ఆ కేంద్రాలను రెండేళ్ళలో పూర్తి బడిగా మార్చాలి, లేదా మూసేయాలి అన్నారు. పూర్తి బడిగా మార్చిన చోట ఊరు బాగుపడింది. మార్చలేక మూసిన చోట, లేకపోవడం కన్నా నయమనుకున్నది కూడా పోయింది. గూడెంలో తల్లికి చట్టం సెక్షన్లు తెలియవు. నిన్న పలక పట్టిన బిడ్డ ఇవాళ మేకల వెంట పోతోందన్నదే తెలుసు.

ఇప్పుడు అవతలి పక్షం కూడా చెప్పాలి. లేకపోతే నా ప్రసంగం యూనియన్ కరపత్రంలా ఉంటుంది. ఆరుగురు పిల్లలున్న బడిని నేనూ చూశాను. ఒక టీచరు. ఆ టీచరుకు జ్వరమొస్తే బడికి సెలవు, ఎన్నికల డ్యూటీ పడితే సెలవు, మీటింగు ఉంటే సెలవు. మిగతా రోజుల్లో సగం పూట ఫోనులో ఫోటోలు ఎక్కించడం, హాజరు ఎక్కించడం, గుడ్ల లెక్క ఎక్కించడం. అలాంటి చోట పిల్లవాడికి ఆడుకోవడానికి సరిజోడు కూడా లేడు. మూడో తరగతి నుంచీ లెక్కలకొకరు, ఇంగ్లీషుకొకరు చెబితే బాగుంటుందన్న వాదనలోనూ పస ఉంది. రెండు బళ్ళు ఒకే వీధిలో నాలుగిళ్ళ తేడాలో ఉన్న ఊళ్ళున్నాయి. వాటిని కలిపితే ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే, సమీక్ష వద్దనేవారితో నేను ఏకీభవించను. ఏ కొలబద్దతో కొలుస్తున్నారన్నదే నా ప్రశ్న. తలల లెక్క, టీచర్ల లెక్క, దూరం, ఈ మూడు అంకెలతో బడి మంచిచెడ్డలు తేలవు. ఆ బడిలో పిల్లలకు చదవడం వచ్చిందా, ఏ పద్ధతిలో వచ్చింది, ఆ పద్ధతి కొత్త చోట బతుకుతుందా అన్న కాలమ్ ఉండాలి. కార్డులతో మూడేళ్ళు నేర్చుకున్న పిల్లను తీసుకుపోయి నలభై నిమిషాల పీరియడ్లలో కూర్చోబెడితే, ఆ పిల్లకు అది మళ్ళీ ఒకటో తరగతే.

తల్లిదండ్రుల్ని కూడా ఒక మాట అనాలి. ఊళ్ళో బడి ఉండాలని ధర్నాకొచ్చిన వారిలో కొందరి పిల్లలు ప్రైవేటు వ్యానులో పోతున్నారు. నేను అడిగితే, "రేపు ఎప్పుడైనా అక్కరకొస్తాది కదా సార్" అన్నారు. బడి అక్కరకొచ్చే దాకా అక్కడే ఉండటానికి అది పాతకాలపు రోలు కాదు. ఎక్కువకాలం సెప్టెంబరు 30 నాటి పిల్లల సంఖ్యనే శాఖ లెక్కలోకి తీసుకునేది. ఆ అంకెలో మన బిడ్డ లేకపోతే, ధర్నాలో మన గొంతు ఎంత పెద్దదైనా ఫైలుకు వినబడదు.

ఫైలు సంగతి వచ్చింది కాబట్టి మన పనిలోకి వద్దాం. ఈ హాలులో ఉన్నవాళ్ళలో సగంమంది నోట్ ఫైలు రాసినవాళ్ళే. సమీక్ష ఎలా తయారవుతుందో మనకు తెలుసు. పై నుంచి ప్రొఫార్మా వస్తుంది, మూడు రోజుల్లో పంపమంటారు. మండలంలో ఎవరో ఒకరు కూర్చుని నింపుతారు. దూరం అన్నచోట పటం మీద గీత గీసి 0.9 అని వేస్తారు. నడిచే దారి 1.6 ఉంటుంది, మధ్యలో వంక ఉంటుంది, అది పటంలో సన్నని నీలం గీత. 'తల్లిదండ్రుల అభ్యంతరాలు' అన్నచోట ఏ కాగితమూ రాలేదు కనుక 'లేవు' అని రాస్తారు. అది అబద్ధం కాదు. కాగితం రాలేదు, అంతే. వీధిలో వందమంది అరిచినా ఫైల్లో అభ్యంతరం లేనట్టే.

అందుకే అర్జీ కాగితం మీద ఉండాలి, టపాలో పడాలి, రసీదు ఉండాలి. అందులో ఏం రాయాలి? చట్టంలో ఉన్నది రాయాలి. ఒకటి నుంచి అయిదు తరగతుల బడి నివాసానికి కిలోమీటరు నడక దూరంలో ఉండాలని కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల్లో ఉంది. నడక దూరం అన్న మాట కింద గీత గీయండి. కాకి ఎగిరే దూరం కాదు. కొండలు, వరద, రోడ్డు లేకపోవడం, చిన్నపిల్లలకు దారిలో ప్రమాదం ఉన్న చోట ఆ దూరం ఇంకా తగ్గించి బడి పెట్టాలని అదే నియమాల్లో ఉంది. నాలుగు లైన్ల రోడ్డు ప్రమాదం కాకపోతే ఇంకేది ప్రమాదం? అరవైమంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని చట్టం షెడ్యూల్లో ఉంది. ఒక్కరే ఉన్న బడిని లోపం చూపి మూసే ముందు, రెండో టీచరును ఎందుకివ్వలేదో అడగవచ్చు. బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్ళుండాలి. ఆ కమిటీ తీర్మానానికి విలువుంది. కానీ తీర్మానం పుస్తకంలో తెల్ల పేజీ మీద ముందే సంతకాలు పెట్టిస్తే ఆ విలువ ఎటు పోతుందో మీకు చెప్పాలా? సంతకం పెట్టే ముందు పైన ఏం రాసుందో చదివి వినిపించే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మనలో ఒకరు కావచ్చు.

2025లో ఉత్తరప్రదేశ్‌లో ఇదే గొడవ. యాభైమంది లోపు పిల్లలున్న బళ్ళను పక్క బళ్ళతో జతచేయాలని జూన్‌లో ఉత్తర్వులిచ్చారు. సీతాపూర్ జిల్లా పిల్లల తరఫున అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచికి వెళ్ళారు. జూలై మొదట్లో ఏక సభ్య ధర్మాసనం పిటిషన్లు కొట్టేసింది. అదే నెలలో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి, సీతాపూర్ వరకు ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. తరువాత అక్కడి ప్రభుత్వమే కిలోమీటరు దాటిన బళ్ళను కలపబోమని చెప్పింది. కోర్టుకెక్కమని నేను ఎవరికీ చెప్పడం లేదు, ఆ ఖర్చు మనవల్ల కాదు. ఫైల్లో కాగితం ఉన్నవాడి మాటే అక్కడా నిలిచిందని చెబుతున్నాను.

తలుపులన్నీ మూసి ఉన్నాయని కూడా అనుకోనక్కర్లేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం పెట్టారు. 2025 జూలైలో మళ్ళీ పెట్టారు. మా మనవరాలి బడికి నేను వెళ్ళాను. ముగ్గుల పోటీ, తాడులాగుడు, ఫోటోలు, భోజనం, అన్నీ బాగున్నాయి. చివర్లో "ఎవరైనా మాట్లాడతారా" అని అడిగితే ఎవరూ లేవలేదు. తల్లులకు చెప్పాల్సింది లేక కాదు. మైకు చూసి భయం. నేను లేచి పిల్లల మరుగుదొడ్లకు గడియ లేదన్నాను. వారంలో గడియ వచ్చింది. చిన్న గడియే, ఇరవై రూపాయలుంటుందేమో.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. రెండు పేజీల నమూనా అర్జీ ఒకటి తయారుచేసి సంఘం ఆఫీసులో ఇచ్చాను. ఊరి పేరు, బడి పేరు, పిల్లల సంఖ్య, నడిచే దూరం, దారిలో ఉన్న రోడ్డు లేదా వంక, బడిలో వాడుతున్న బోధన పద్ధతి, ఇవి నింపుకోవడానికి ఖాళీలు వదిలాను. దూరం మాత్రం అంచనాగా రాయకండి. సైకిలు చక్రానికి గుడ్డముక్క కట్టి తిప్పలు లెక్కపెట్టండి, సమితుల కాలంలో మేమలాగే కొలిచేవాళ్ళం. ప్రతి నెలా రెండో ఆదివారం పది నుంచి పన్నెండు వరకు నేను ఆఫీసులో ఉంటాను. రిటైరైన టీచర్లు ఇద్దరు ముగ్గురు నాతో కూర్చుంటే మేలు. అర్జీలో చదువు గురించి రాయాల్సిన పేరా నాకన్నా వాళ్ళకు బాగా తెలుసు. కార్బన్ పేపర్లు అక్కర్లేదు, కింద జిరాక్సు షాపుంది.